పేజీ బరువు

వేలు మీటమీంచి లేవకముందే పేజీ తెరుచుకుంది.

నీదియా నమ్మలేదు. మూసేసి మళ్ళీ తెరిచింది. ఈసారీ అంతే. జామపువ్వు అల్లిక, దాని పక్కన మొక్కజొన్న పువ్వు అల్లిక, పైన దుకాణం పేరు, కింద చిరునామా, అన్నీ పిలవగానే పరిగెత్తుకొచ్చిన చుట్టాల్లా ఒక్కసారే వచ్చి నిలబడ్డాయి. నిన్నటిదాకా ఈ వేళప్పుడు ఇదే పేజీ తెరిచి, లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకుని రావలసి వచ్చేది. వచ్చేసరికి సగం పువ్వు కనిపించేది. నీదియా అరచేత్తో నోరు మూసుకుని తనలో తనే నవ్వుకుంది. దారం ఉండలూ, గంజిపొడి సంచులూ, గుర్రుమనే పాత కంప్యూటరూ తప్ప మరెవరూ లేని ఆ సామాన్ల గదిలో ఆ నవ్వు విన్నవాళ్ళెవరూ లేరని అనుకుంది.

నవ్వు పూర్తికాకముందే దుకాణం సైటుకి ఒక ఉత్తరం వచ్చి పడింది. మాంటెవీడియో నుంచి ఒక పెద్దావిడ రాసింది. "అమ్మయ్య, ఇవాళ్టికి మీ పేజీ తెరుచుకుంది! ఎన్నిసార్లు ప్రయత్నించానో. సగం రాకముందే విసుగొచ్చి వదిలేసేదాన్ని. మా అమ్మాయి పెళ్ళికి మేలిముసుగు కావాలి. నేల దాకా జీరాడాలి, అంచంతా జామపువ్వులుండాలి. చేసిపెడతారా?"

చేసిపెడతారా అట! నీదియా చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటి పనిగదిలోకి పరిగెత్తింది. డిసెంబరంటే అక్కడ నడివేసవి. ఎండకి గచ్చు కాలిపోతోంది, అయినా ఆమెకి తెలియలేదు.

"ఆర్డరొచ్చింది! పెళ్ళి ముసుగు! నేల దాకా!"

సూదులు ఆగాయి. పనిగదిలో ఇద్దరున్నారు. చెక్క చట్రానికి బిగించిన గుడ్డమీద వంగి కూర్చున్న న్యా పోర్ఫీరియా ఒకరు. ఇతాగువా ఊళ్ళో పెద్దవాళ్ళని పేరుకి ముందు న్యా చేర్చే పిలుస్తారు, అమ్మగారు అన్నట్టు. రెండోది మీర్తా. నలభై దాటినా ఆమె నోటికి ఇంకా పదహారే.

"మంచిదే, కొత్త యజమానురాలా," అంది మీర్తా. "మీకు పేరు, మాకు మెడనొప్పి. తలా ఒకటి."

న్యా పోర్ఫీరియా పెదవులతో మాత్రం నవ్వి మళ్ళీ సూది ఎత్తింది.

అది తెరెరే వేళ. మీర్తా ఒళ్ళో చల్లటి నీళ్ళ కూజా, చేతిలో ఆకు కుక్కిన కొమ్ము కప్పు. నీళ్ళు పోసి న్యా పోర్ఫీరియాకి ఇచ్చింది. ఆవిడ పీల్చి వెనక్కిచ్చింది. మళ్ళీ పోసి తాను తాగింది. నీదియా మూలనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్ళో సిద్ధంగా పెట్టుకుంది. కప్పు మళ్ళీ న్యా పోర్ఫీరియా దగ్గరికే వెళ్ళింది. ఒక్క కప్పు, ఒక్క గొట్టం, వరసగా అందరూ. ఇక చాలనుకున్నవాళ్ళు థాంక్స్ అన్నట్టు గ్రాసియాస్ అంటారు, అన్నాక వాళ్ళ వంతు రాదు. అనకపోతే పొద్దు వాలేదాకా వస్తూనే ఉంటుంది. నీదియా ఆ మాట అనలేదు. అయినా నెలరోజులుగా ఆమె వంతు రావడం మానేసింది. కొత్త పెళ్ళికూతురని మొహమాటపడుతున్నారు కాబోలు అని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. రెండు నెలలు కూడా నిండని కాపురంలో ఆమెకి ప్రతిదానికీ ఒక తియ్యటి కారణం దొరుకుతూ ఉండేది.

నిజంగానే తియ్యగా ఉండేవి ఆ రోజులు. గుమ్మం పక్కన తన చెప్పులూ భర్త దెర్లిస్ బూట్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటం చూస్తే చాలు, నీదియాకి లోపల ఏదో గిలిగింత. చిపా రొట్టెలు పొయ్యిలో పొంగుతుంటే తలుపు సందులోంచి వంగి చూడటం, ఉతికిన దుప్పట్లో మొహం దాచుకుని ఎండ వాసన పీల్చడం, పొద్దున్నే వ్యానులో అల్లికల పెట్టెలు సర్దుకుంటూ అతను "పోయొస్తాను నా రాణీ" అనడం. చదువుకున్న పిల్ల, కంప్యూటర్ల చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకున్న పిల్ల, ఇంత చిన్నచిన్నవాటికి మురిసిపోతుందేమిటని వాళ్ళక్క పెర్లా ఫోనులో ఎగతాళి చేసేది. "పెద్దవాటికి మురవడానికి చాలా టైముందిలే," అని నీదియా నవ్వేసేది.

సైటు పని మొదలైంది కూడా అలాంటి ఒక ముద్దుమాటతోనే. పెళ్ళయిన వారానికి, భోజనాల దగ్గర, దెర్లిస్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి అన్నాడు. "ఇంట్లోనే ఇంజనీరుంటే బయటివాణ్ణి పిలవడమెందుకమ్మా? మన పేజీ నత్తలా నడుస్తోంది. నా భార్య దాన్ని గుర్రాన్ని చేస్తుంది చూడు." అత్తగారు న్యా జునీల్దా గిన్నెలోంచి తలెత్తకుండానే అంది. "చెయ్యనీ. కూర్చుని చేసే పనేగా. కూర ఉడికేలోపు అయిపోతుంది." కూర ఉడికేలోపు! నీదియా ఆ మాటకీ నవ్వింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, కర్రపెండలం దుంపలు చెక్కు తీసి ఉడకేసి, అల్లికలకి గంజి కాచి, వాటిని చట్రాలతో సహా ఎండలోకి మోసి, అంట్లు తోమి, మధ్యాహ్నం ఊరంతా కిటికీలు మూసుకుని పడుకున్నాక మిగిలేది ఆమెకి ఆ ఒక్క ముక్క సమయం. ఆ ముక్కలో సామాన్ల గదికి వెళ్ళేది. ఒకరోజు అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఒళ్ళు వంచని పని ఎంత హాయో," అనేసి వెళ్ళిపోయింది. ఆ పూటంతా నీదియాకి వేళ్ళు బరువుగా తోచాయి.

మొదట ఫోటోల పని పట్టింది. ఒక్కో అల్లికనీ దెర్లిస్ ఫోనుతో తీసి ఉన్నదున్నట్టు ఎక్కించేశాడు. గోడంత బొమ్మని తెచ్చి తపాలా బిళ్ళంత చోట ఇరికించినట్టుంది. చూసేవాడికి బిళ్ళే కనిపిస్తుంది గానీ, మోసుకొచ్చేది మాత్రం గోడనే. ఒక్కోదాన్నీ కుదించి, కింద ఉన్నవాటిని కిందికి జరిపినప్పుడే రమ్మని చెప్పి, వాడని ఫాంట్ల మోతలన్నీ దింపేసింది. పేజీ తెరవగానే హార్పు సంగీతం మోగేది. దాన్ని తీసేసిన రోజు అత్తగారు అలిగింది. "పాట లేకపోతే అది దుకాణమా, ఆసుపత్రా?" నీదియాకి ఆ పని చేస్తుంటే న్యా పోర్ఫీరియా చేతులు గుర్తొచ్చేవి. చట్రానికి బిగించిన గుడ్డమీద పువ్వంతా అల్లాక, ఆవిడ చిన్న కత్తెర తీసుకుని అడుగు గుడ్డని కోసి పారేస్తుంది. అప్పటిదాకా గుడ్డే మోస్తోందనుకున్న పువ్వు, గుడ్డ లేకుండా గాలిలో నిలబడుతుంది. అక్కర్లేనిది తీసేస్తే ఉన్నది నిలబడుతుందని నీదియాకి ఎంత సంతోషమేసిందో.

అయినా ఎక్కడో ఏదో పట్టి లాగుతోంది. సైటుని ఉంచింది బయట అద్దె చోట్లో కాదు, ఈ సామాన్ల గదిలోని పాత కంప్యూటర్లోనే. ఇంటికొచ్చే ఇంటర్నెట్ తీగమీదే సైటూ బయటికి పోవాలి. ఆ తీగ దెర్లిస్ ఇచ్చిన పెళ్ళి కానుక. "నీకు తోచకుండా ఉండకూడదుగా," అని పెళ్ళికి ముందురోజే వేయించాడు. దాంతోపాటే వంటగదిలో, పనిగదిలో, నడవాలో, పడకగదిలో పైకప్పుకి గుండ్రటి తెల్లటి డబ్బాలు బిగించాడు, పొగ వస్తే పసిగట్టేవని చెప్పాడు. "నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?" అన్నాడు. ఆ డబ్బాలకేసి చూసినప్పుడల్లా నీదియాకి అతని అరచెయ్యి తలమీద ఉన్నట్టుండేది.

విచిత్రమేమిటంటే పేజీ అన్ని వేళలా ఒకేలా ఉండేది కాదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు చలాకీగా తెరుచుకునేది. పొద్దున వంట వేళకి మొరాయించేది. పనిగదిలో తెరెరే కప్పు తిరుగుతూ, నవ్వులూ చేతులూ ఊగుతున్నప్పుడైతే పూర్తిగా కూలబడేది. ఇంట్లో మనుషులు కదిలితే పేజీ బరువెక్కుతోంది. ఒకరోజు భోజనాల దగ్గర పడీపడీ నవ్వుతూ దెర్లిస్‌కి చెప్పింది. "విన్నావా, నేను వంట చేస్తుంటే మన సైటు కుంటుతుంది, నేను పడుకుంటే పరిగెడుతుంది! నామీద పగబట్టింది!" అతను నవ్వలేదు. రొట్టె ముక్క తుంచుతూ, "ఇప్పుడు బాగానే ఉందిగా. ఇక వదిలెయ్," అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "ఆ పాత పెట్టెలో మరీ లోపలికి వెళ్ళకు నీదియా. ఏదన్నా పాడయితే మళ్ళీ ఖర్చు," అన్నాడు. రాణీ అనకుండా పేరు పెట్టి పిలిచాడే అని ఆమెకి తోచి, అదేం ఆలోచనని మళ్ళీ తనే నవ్వుకుంది. పేరు కదా మరి, పేరు పెట్టక ఏం చేస్తాడు. ఎప్పుడూ రాణీ అనేవాడు, అంతే.

చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామనుకుంది. ఈ పొద్దున, తెరెరే కప్పు పనిగదిలోకి వెళ్ళిన వేళ చూసి, ఒక మామిడిపండు కొరుక్కుంటూ సామాన్ల గదికి వచ్చి, తీగలోంచి బయటికి పోతున్నవాటిని ఒక్కొక్కటీ పరీక్షించింది. పేరులేని ప్రోగ్రామొకటి కట్టెయ్యడం మరిచిన కుళాయిలా బయటికి ధారగా పోస్తోంది. ఎవరికో, ఎందుకో. కంప్యూటరు బిగించినవాడు వదిలేసిన చెత్త అయ్యుంటుందనుకుని కట్టేసింది.

వేలు మీటమీంచి లేవకముందే పేజీ తెరుచుకుంది.

ఇదంతా తలుచుకుంటూ, ఖాళీ కుర్చీలో కూర్చుని, ముసుగుకి ఎన్ని పువ్వులు పడతాయో మీర్తా లెక్కలు కడుతుంటే వింటూ ఉండగానే నీదియా ఫోను మోగింది. దెర్లిస్.

"ఇంట్లో కరెంటు పోయిందా?"

"లేదే. ఫ్యాను తిరుగుతోంది. విను, నీకొక మంచి..."

"ఇంటర్నెట్?"

"బ్రహ్మాండంగా ఉంది! అదే చెప్పబోతున్నా. సైటు..."

"ఎవరన్నా వచ్చారా? అమ్మేం చేస్తోంది?"

"ఎవరూ రాలేదు. ఏమైంది?"

"ఏం లేదు. ఊరికే." ఫోను పెట్టేశాడు.

మీర్తా కూజా కింద పెట్టి, కప్పులో ఆకు సర్దుతూ, "ఏమ్మా, లెక్క అప్పజెప్పావా? మేమెంతసేపు కూర్చున్నామో?" అంది. నవ్వుతూనే అంది. న్యా పోర్ఫీరియా "మీర్తా" అని మెల్లగా అదిలించింది. నీదియాకి అర్థం కాలేదు. లేచి వంటగదికి వెళ్ళింది. వెళ్తూ వెనక్కి చూస్తే, తాను లేచిన కుర్చీని మీర్తా గోడ వైపు జరుపుతోంది. అది దిగ్నా కుర్చీ.

దిగ్నా కూడా నెల కిందటిదాకా వీళ్ళతోపాటే అల్లేది. ఒకరోజు కప్పు తిరుగుతుండగా ఆమె అంది. "మనం ముగ్గురం కలిసి రోడ్డుమీద ఒక మూల అద్దెకి తీసుకుంటే? మన అల్లిక మనమే అమ్ముకుంటే? చచ్చిపోతామా?" అందరూ నవ్వారు. నీదియా కూడా నవ్వింది, ఆ రోజు కప్పు ఆమె చేతిలోనే ఉంది. సాయంత్రం వ్యాను దిగుతూనే దెర్లిస్ దిగ్నాని గుమ్మం దగ్గరే ఆపి, రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. రోడ్డుమీద మూల దొరికితే చెప్పమన్నాడు, తానూ వచ్చి కొంటానన్నాడు. దిగ్నా మొహం అప్పుడు నీదియా వైపు తిరిగింది. ఆ చూపు నీదియాకి అర్థం కాలేదు. అప్పుడు కూడా ఏదో తియ్యటి కారణం వెతుక్కుని ఉంటుంది.

భోజనం వేళకే వ్యాను చప్పుడైంది. అసున్సియోన్ పట్నంలో దుకాణాలన్నీ తిరిగి సాయంత్రానికి గానీ రానివాడు, పెట్టెలు దింపకుండానే లోపలికొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. నీదియా ఎదురెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసి, ఊపిరాడకుండా చెప్పేసింది. పేజీ తెరుచుకోవడం, మాంటెవీడియో ఆవిడ, నేల దాకా ముసుగు. "గుర్రాన్ని చేస్తుందన్నావుగా, చేసేశా!"

"భేష్," అన్నాడు దెర్లిస్. ఆమె చేతుల్ని మెల్లగా విడిపించుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. న్యా జునీల్దా దుంపల గిన్నె ముందుకి జరిపింది. ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. ఫ్యాను చప్పుడు.

"అంటే, పొద్దున ఆ పెట్టెలో ఏదో ఆపావన్నమాట," అన్నాడు.

"చెత్తేదో నడుస్తోంది. కట్టేశా."

"చెత్త కాదది. పొగ డబ్బాలు దానిమీదే నడుస్తాయి. తిన్నాక వెళ్ళి మళ్ళీ నడిపించు." మాటలో కోపం లేదు. పైగా నవ్వాడు, పెళ్ళికి ముందు ఆమెకి నిద్రపట్టనివ్వని ఆ నవ్వే. "ఇంజనీరమ్మా, ఇంకోమాట. మామిడిరసం కారుతున్న చేతులతో మీటలు ముట్టుకుంటారా? చీమలు పట్టవూ?"

నీదియా అలవాటుకొద్దీ కిలకిలా నవ్వింది. "నీకెలా తెలు..."

నవ్వు సగంలో ఆగింది. టెంక పొద్దునే గోడ అవతలికి విసిరేసింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. ఆ గౌను భోజనానికి ముందే మార్చేసుకుంది కూడా. పండు కొరుక్కుంటూ వచ్చిన నడవాలో అప్పుడు ఎవరూ లేరు.

"వాసనొస్తోంది," అన్నాడు దెర్లిస్.

న్యా జునీల్దా చెంచా పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత మళ్ళీ చెంచా తీసుకుంది.

నీదియా తింటూనే ఉంది. దుంప నమిలి మింగింది, నీళ్ళు తాగింది. లోపల మాత్రం ఒక్కొక్కటే, దారం తెగిన పూసల్లా, ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న సంతోషాలు దొర్లడం మొదలుపెట్టాయి. ఒకరోజు చీపురు పట్టుకుని వంటగదిలో తనొక్కతే పాట పాడుకుంటూ గిరగిరా తిరిగింది. సాయంత్రం అతను అదే పాట ఈలవేస్తూ వచ్చాడు. ఇద్దరికీ ఒకే పాట గుర్తొచ్చిందని ఆ రాత్రంతా నిద్రపోలేదు తను. అక్కతో ఫోనులో మాట్లాడుతూ ఊరికే ఏడుపొచ్చి పడకగదిలో కళ్ళొత్తుకున్న రోజున, అతను జామహల్వా పొట్లం తెచ్చి, "ఏం, ఇవాళ దిగులుగా ఉందా?" అన్నాడు. "చెప్పకుండానే తెలిసిపోతుందే ఇతనికి," అని పెర్లాకి గొప్పగా చెప్పుకుంది. పెర్లా ఏమీ అనలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం అసూయ అనుకుంది నీదియా, పాపం అక్కకి అలాంటి మొగుడు దొరకలేదని. సొంత అక్కని! వేసవిలో గాలాడదని వాకిట్లో మామిడిచెట్టు కింద కూర్చునేవాళ్ళట అల్లేవాళ్ళు, ఏళ్ళ తరబడి. ఈ పెళ్ళయ్యాకే అత్తగారు వాళ్ళని గదిలోకి రమ్మంది. లోపల నీడగా ఉంటుందని చెప్పింది.

"కాఫీ పెట్టనా?" అంది నీదియా. తన గొంతు మామూలుగానే ఉండటం చూసి తనే ఆశ్చర్యపోయింది.

"ముందు ఆ పని చూడు," అన్నాడు దెర్లిస్.

ఊరు పడుకుంది. కుక్కలు కూడా గోడనీడల్లో కాళ్ళు చాపేశాయి. నీదియా సామాన్ల గదికి వెళ్ళి, కుర్చీ లాక్కుని, కట్టేసిన ప్రోగ్రామ్‌ని మళ్ళీ నడిపించింది. పొద్దున తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచింది.

తెరమీద నాలుగు గడులు వచ్చాయి.

ఒకదాంట్లో పనిగది. రెండు చట్రాలు, గోడవైపు జరిపేసిన దిగ్నా కుర్చీ, నేలమీద కూజా. ఇంకోదాంట్లో ఖాళీ నడవా, సామాన్ల గది తలుపు, ఆ తలుపు కింద వెలుతురు గీత. ఆ గీత ఇవతల ఇప్పుడు తనున్నదని ఆమెకి కాసేపటికి గానీ తట్టలేదు. మూడోదాంట్లో పడకగది. పైనుంచి. ఆమె బట్టలు మార్చుకునే మూల, ఆమె పొద్దున విడిచిన లోదుస్తులు, ఆమె తలగడ. తన తలగడ పైనుంచి ఇలా ఉంటుందని నీదియాకి తెలియదు. చనిపోయినవాళ్ళు తమ ఇంటిని ఇలాగే చూస్తారేమో అనిపించింది.

నాలుగోదాంట్లో వంటగది. బల్ల దగ్గర తల్లీ కొడుకూ ఇంకా కూర్చునే ఉన్నారు. మాట కూడా వినిపిస్తోంది, కొంచెం గీరుకుపోతూ.

"మొదటి వారమే చెప్పేస్తే పోయేది," అంటోంది న్యా జునీల్దా.

"చెప్తే అలవాటు పడేదాకా ఏడుస్తుంది. తెలియకపోతే సంతోషంగా ఉంటుంది. ఉందిగా?"

"మీ నాన్నా చూసేవాడు నన్ను. దుకాణం కిటికీలోంచి. పొద్దస్తమానం." బల్లమీద రొట్టె పొడి వేలితో పోగుచేస్తూ అందామె. "కానీ ఎక్కణ్ణించి చూస్తున్నాడో నాకు తెలిసేది. ఆ కిటికీకి వీపు పెట్టి నిలబడితే, నా మొహం నాదే."

దెర్లిస్ ఫోను తీసి చూసుకున్నాడు. "ఆ, వచ్చింది," అన్నాడు. తర్వాత తల పైకెత్తాడు. తల్లి కూడా ఎత్తింది. ఇద్దరూ పైకప్పుకేసి, ఆ తెల్లటి డబ్బాకేసి, తెరలోంచి సూటిగా నీదియా కళ్ళల్లోకి చూశారు. అతను నవ్వి, చెయ్యి ఊపాడు, బాగా చేశావన్నట్టు. ఆమె చూస్తోందని అతనికి తెలిసి ఊపాడో, తెలియకే ఊపాడో నీదియాకి ఎప్పటికీ తెలియలేదు.

ఎంతసేపు అలా కూర్చుందో. మొదట తనకోసం ఏడుపు రాబోయి ఆగిపోయింది. తర్వాత ఆ మొదటి గడిలోని కుర్చీ దగ్గర చూపు ఆగిపోయింది. దిగ్నా మొహం అప్పుడు అర్థమైంది. గదిలో ఉన్నది నలుగురు. మాట బయటికి పోయింది. కొత్తగా వచ్చినది ఒక్కతే. మీర్తా ఎందుకు లెక్క అప్పజెప్పావా అందో, కప్పు ఎందుకు తన్ని దాటుకుని పోతోందో, అన్నీ పేజీ తెరుచుకున్నట్టే ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఈ ఇంట్లో తన్ని చూడటమే కాదు, తన మొహం తొడుక్కుని వాళ్ళనీ చూశాడు. దొంగతనం అతనిది, పేరు తనది. దానికి కూలీ లేని ఇంజనీరు కూడా తనే, కుంటుతుంటే బాగుచేసి పెట్టడానికి.

నీదియా ప్రోగ్రామ్ ఆపలేదు. అతను దాన్ని చెరిపెయ్యకుండా దాని రహస్య పదం మాత్రం మార్చింది. ఆ పదం అక్క పేరు కాదు, పుట్టినరోజు కాదు, అతను ఊహించగలిగేది ఏదీ కాదు. కంప్యూటర్ని అలాగే ఉంచి, సామాన్ల గదికి తాళం వేసి, తాళంచెవి గౌను లోపల, ఒంటికి తగిలేట్టు పెట్టుకుంది. ఇనుము చల్లగా తగిలింది. నడవాలో నడుస్తూ తలెత్తి ఆ తెల్లటి డబ్బాకేసి ఒక్కసారి చూసింది. ఇక తల వంచుకోవాలో ఎత్తుకోవాలో ఆలోచించాలి కాబోలు, ఈ ఇంట్లో ప్రతి గదిలోనూ.

సాయంత్రం తెరెరేకి దెర్లిస్ పనిగదిలోకి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. "ఇవాళ నేను పోస్తాను. పెళ్ళి ముసుగు వచ్చిన రోజు కదా!" అని మీర్తా చేతిలోంచి కూజా తీసుకున్నాడు. చిపా రొట్టెల బుట్ట తెచ్చి మధ్యలో పెట్టాడు. న్యా జునీల్దా గుమ్మంలో, ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. న్యా పోర్ఫీరియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మొదటిది నా రాణికి," అని దెర్లిస్ నీళ్ళు పోసి, కప్పు గొట్టాన్ని నీదియా వైపు తిప్పి అందించాడు. నెలరోజుల తర్వాత ఆమె దగ్గరికి వచ్చిన కప్పు. నిమ్మగడ్డి వాసన. కొమ్ము చుట్టూ చెమట పట్టిన చల్లదనం. ఆ ఎండకి గొంతు ఎండిపోయే ఉంది.

"గ్రాసియాస్," అంది నీదియా.

సూదులు ఆగిపోయాయి.

"మొదలే పెట్టలేదు, అప్పుడే గ్రాసియాసా?" దెర్లిస్ నవ్వాడు. కప్పు ఇంకా చాపే ఉంది. "అలిగావా? ఏం, ఏమైంది? అందరిముందూ ఈ వేషాలేమిటి?"

నీదియా అతని వైపు చూడలేదు. "న్యా పోర్ఫీరియా, ముసుగు నమూనా ఇవాళే గీసుకోవాలి. రాత్రికి మీ ఇంట్లో పడుకోనా?"

ముసలావిడ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. నీదియా మెల్లగా కళ్ళు పైకెత్తి, పైకప్పుకున్న తెల్లటి డబ్బా దగ్గర ఒక్క క్షణం ఆపి, దించింది. ఆవిడ చూపు కూడా వెనకే పైకి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"మంచం ఇరుకు, పిల్లా."

"పర్లేదు."

"దోమలు కూడా."

"పర్లేదు."

"అయితే రా," అంది న్యా పోర్ఫీరియా.

"నా ఇంట్లో పడుకునే చోటు లేకనా?" దెర్లిస్ గొంతులో నవ్వు ఇంకా ఉంది గానీ అడుగున ఏదో గీరుకుపోతోంది, ఆ తెరలో వినిపించినట్టే. "అమ్మా, చూడు నీ కోడల్ని."

న్యా జునీల్దా చూడలేదు. గుమ్మంలో మెల్లగా అటు తిరిగి, పైకప్పుకున్న డబ్బాకి వీపు పెట్టి నిలబడింది.

నీదియా లేచింది. గోడవైపు జరిపేసిన కుర్చీని తెచ్చి మళ్ళీ వరసలో, మీర్తా పక్కన పెట్టింది. గౌను లోపల తాళంచెవి ఒంటికి వెచ్చబడి ఉంది.

"మీర్తా, రేపు పొద్దున తెరెరే ఇక్కడొద్దు. కుర్చీలు తీసుకుని సామాన్ల గదికి రండి. దారిలో దిగ్నాని కూడా పిలుచుకురండి, నేను రమ్మన్నానని చెప్పండి. రాననే అంటుంది, అయినా తీసుకురండి. మన పేజీ ఇన్నాళ్ళూ ఎందుకంత బరువుగా ఉందో, రేపు మీ అందరికీ చూపిస్తాను."